కొత్త బ్యాటరీ వేసినా పొద్దున్నే సెల్ఫ్ తీసుకోని కారు: లోపం ఎక్కడ వెతకాలి?

రాయగడ మాస్టారు:

అందరికీ నమస్కారం. నేను రాయగడలో ఉపాధ్యాయుడిని. 2022లో కొన్న పెట్రోలు కారు నా దగ్గర ఉంది. బీఎస్-6 ఇంజను, చేత్తో మార్చే గేర్లు, బటన్ నొక్కి స్టార్ట్ చేసే పద్ధతి, రద్దీలో ఆగినప్పుడు ఇంజను తనంతట తాను ఆగిపోయి క్లచ్ నొక్కగానే మళ్లీ అందుకునే ఏర్పాటు ఉన్నాయి. ఇప్పటికి 31 వేల కిలోమీటర్లు తిరిగింది. వారంలో ఐదు రోజులు ఇంటికీ బడికీ మధ్య రానూపోనూ ఆరేడు కిలోమీటర్లకు మించి నడవదు. నెలకు ఒకటి రెండు సార్లు అమ్మానాన్నలను చూడడానికి పార్వతీపురం వెళ్లి వస్తాను.

నాలుగు నెలలుగా ఒక ఇబ్బంది పట్టి పీడిస్తోంది. రెండు రోజులు కదపకుండా ఉంచి మూడో నాడు పొద్దున్నే బటన్ నొక్కితే, డ్యాష్‌బోర్డు మీద దీపాలన్నీ వెలిగి వెంటనే మసకబారి, బానెట్ లోపల నుంచి ‘టకటకటక’మని వరుసగా చప్పుడు వస్తుంది కానీ ఇంజను తిరగదు. మరికొన్ని సార్లు, ముఖ్యంగా ఎక్కడికైనా వెళ్లి ఆపిన తరువాత, ఒకే ఒక్క ‘టక్’ వినిపించి అంతా నిశ్శబ్దమైపోతుంది. మళ్లీ రెండు మూడు సార్లు నొక్కితే ఏమీ జరగనట్టుగా స్టార్టవుతుంది. పోయిన ఆదివారం మజ్జిగౌరమ్మ గుడి దగ్గర ఇలాగే జరిగి, ఎనభై ఏళ్ల అత్తగారిని ఎండలో నిలబెట్టవలసి వచ్చింది. అలా తంటాలు పడి స్టార్ట్ చేసిన రోజున స్టీరింగ్ గుర్తు, ఏబీఎస్ (చక్రాలు బిగుసుకుపోకుండా బ్రేకు పట్టే ఏర్పాటు) గుర్తు పసుపుపచ్చగా వెలిగి, కొంత దూరం పోయాక వాటంతట అవే ఆరిపోతాయి.

ఇంతవరకు చేయించినవి చెబుతాను. మూడు నెలల కిందట స్థానికంగా కొత్త బ్యాటరీ వేయించాను. నెల తిరగకుండానే ఇబ్బంది మళ్లీ మొదలైంది. మా వీధి మెకానిక్ ఇంజను నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకి చూసి, ఇంజను ఆగలేదు కనుక డైనమో బాగానే ఉందని, సెల్ఫ్ మోటారు మార్చాలని అన్నాడు. మరొకరు ఏబీఎస్ సెన్సారు పోయిందన్నారు. విశాఖపట్నంలో కంపెనీ వర్క్‌షాపుకు ఫోను చేస్తే, రెండు రోజులు బండి వదిలి వెళ్లాలని, వైరింగ్ మొత్తం మార్చవలసి రావచ్చని చెప్పారు. ముగ్గురూ మూడు మాటలు చెప్పారే తప్ప ఎవరూ మీటరు పెట్టి చూడలేదు.

మా బడి భౌతికశాస్త్ర ప్రయోగశాలలో మంచి మల్టీమీటరు ఉంది, వాడడం నాకు వచ్చు. ఖర్చులోకి దిగే ముందు ఇంటి దగ్గరే నేను ఏయే కొలతలు తీసుకోవాలో అనుభవం ఉన్నవారు చెప్పగలరా? ఇలాంటి బండిని తోసి స్టార్ట్ చేయవచ్చునా అన్నది కూడా తెలియజేయండి.

పర్లాకిమిడి వాసి:

మాస్టారూ, మా కారుకూ పోయిన వానాకాలంలో స్టార్టింగ్ ఇబ్బంది వచ్చింది కానీ లక్షణం వేరు. బటన్ నొక్కితే ‘టక్’మని కూడా వినిపించేది కాదు. దీపాలు మాత్రం నిండు వెలుగుతో ఉండేవి. పాతపట్నంలో ఒకరు చూసి, తాళంలోని బిళ్ల బ్యాటరీ నీరసపడిందని, తాళాన్నే స్టార్ట్ బటన్‌కు ఆనించి నొక్కమని చెప్పారు. వెంటనే స్టార్టయింది. తాళంలోని చిప్పుకు సొంత కరెంటు అక్కర్లేదని, బటన్ దగ్గరున్న తీగచుట్టే దానికి శక్తినిస్తుందని ఆయన వివరించారు. కొన్నాళ్లకు మళ్లీ అదే నిశ్శబ్దం వచ్చినప్పుడు మాత్రం కారణం క్లచ్ పెడలు పైన ఉండే చిన్న స్విచ్. అది పని చేయకపోతే పెడలు తొక్కామన్న సంగతే కంప్యూటరుకు తెలియదు, సెల్ఫ్‌కు అనుమతీ ఇవ్వదు.

మీ బండిలో చప్పుడు వస్తోందంటే ఆదేశం సెల్ఫ్ దాకా చేరుతున్నట్టే. కాబట్టి తాళం, క్లచ్ స్విచ్ జోలికి మీరు పోనక్కరలేదనుకుంటాను.

జయపురం ఎలక్ట్రీషియన్:

మాస్టారికి నమస్కారం. నేను జయపురంలో ఇరవై రెండేళ్లుగా ఆటో ఎలక్ట్రికల్ పని చేస్తున్నాను. సునాబేడ, సెమిలిగుడ, కోరాపుట్ వైపు నుంచి వచ్చే బండ్లే నాకు ఎక్కువ. సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉన్న కోరాపుట్‌లో పుష్యమాసపు చలికి బ్యాటరీలోని బలహీనత దాగదు కనుక, మీరు చెప్పిన లక్షణాలతో ప్రతి శీతకాలమూ నాలుగైదు బండ్లు వస్తూనే ఉంటాయి.

కొలతలకు ముందు ఒక్క సంగతి గట్టిగా చెప్పాలి. ఇంజను నడుస్తుండగా బ్యాటరీ టెర్మినల్ పీకే పరీక్షను ఇకమీదట ఎవరినీ చేయనివ్వకండి. పాత జీపులకు, అంబాసిడర్లకు అది చెల్లింది. డైనమో నుంచి వచ్చే కరెంటులోని ఎగుడుదిగుళ్లను తనలోకి తీసుకొని సర్దేది బ్యాటరీయే. అది హఠాత్తుగా తప్పుకుంటే 14 వోల్టులు ఉండవలసిన చోట క్షణకాలం దానికి రెండు మూడు రెట్లు, ఒక్కోసారి అంతకు మించి లేస్తుంది. ఈ కాలపు బండిలో ఇంజనుకు, స్టీరింగ్‌కు, బ్రేకులకు, మీటర్లకు వేర్వేరు కంప్యూటర్లు ఉన్నాయి. వాటిలో ఒక్కటి కాలినా దాని ధర ముందు బ్యాటరీ ధర లెక్కలోకి రాదు. మీ బండికి ఏమీ కాకపోవడం అదృష్టమే.

ఇక మీరు రాసినదాంట్లో నన్ను ఆపింది ఆ రెండు రకాల చప్పుళ్లు. సెల్ఫ్ మోటారు నెత్తిన ఒక విద్యుదయస్కాంతం ఉంటుంది. బటన్ నొక్కగానే అది లోపలి కడ్డీని లాగి, లావుపాటి కాంటాక్టులను కలిపి, మోటారుకు పెద్ద కరెంటు వదులుతుంది. బ్యాటరీలో సత్తువ లేనప్పుడు ఆ పెద్ద కరెంటు మొదలవగానే వోల్టేజి కుప్పకూలుతుంది, అయస్కాంతం పట్టు వదిలేస్తుంది. వదలగానే భారం తగ్గి వోల్టేజి లేస్తుంది, అది మళ్లీ లాగుతుంది. ‘టకటకటక’ అంటే అదే. ఒకే ‘టక్’ వచ్చి ఆగిపోవడం వేరు. అక్కడ అయస్కాంతం పట్టు నిలుస్తోంది కానీ మోటారు తిరగడానికి చాలినంత కరెంటు అందడం లేదు. అది సెల్ఫ్ కాంటాక్టుల అరుగుదల కావచ్చు, లేదా బ్యాటరీకీ సెల్ఫ్‌కూ మధ్య, లేదా ఇంజనుకూ ఎర్తుకూ మధ్య ఏదో ఒక అతుకు సరిగా లేకపోవడం కావచ్చు. ఒకే బండి ఈ రెండు చప్పుళ్లూ చేస్తోందంటే, ఒకదాని వెనుక ఒకటి దాక్కున్న రెండు లోపాలు ఉన్నాయని నా అనుమానం. ఒకదాన్ని సరిచేసిన ప్రతిసారీ రెండోది మిగిలిపోవడం వల్లనే ముగ్గురు మూడు మాటలు చెప్పి ఉంటారు.

ముందు రాత్రంతా నిలిపి ఉంచిన బ్యాటరీ వోల్టేజి చూడండి. రాత్రే బానెట్ గొళ్లెం తీసి ఉంచండి. తలుపు తెరిస్తే కంప్యూటర్లు మేలుకొని కరెంటు తాగడం మొదలుపెడతాయి కాబట్టి, పొద్దున్న కారు తలుపు ముట్టుకోకుండానే బ్యాటరీ రెండు పోళ్ల (పైకి పొడుచుకొచ్చిన సీసపు మొనల) మీద మీటరు పెట్టాలి. 12.6 ఉంటే నిండుగా ఉన్నట్టు, 12.2 అంటే సగం, 12 కంటే దిగితే అడుగంటినట్టు. తరువాత ఇంట్లోవాళ్లను బటన్ నొక్కమని, సెల్ఫ్ ఇంజనును తిప్పుతున్నప్పుడు అదే చోట చూడండి. 9.6 కంటే కిందికి పడకూడదు.

అసలైన పరీక్ష దీని తరువాతిది, చాలామంది వదిలేసేది కూడా ఇదే. మీటరు నల్ల సూదిని నెగెటివ్ క్లాంపు (పోలును పట్టుకునే పట్టీ) మీద కాకుండా దాని నడుమ పైకి కనిపించే సీసపు పోలు మీద పెట్టి, ఎర్ర సూదిని ఇంజను మీద రంగు లేని చోట గట్టిగా ఆనించి, సెల్ఫ్ కొడుతుండగా చదవండి. అక్కడ 0.2 వోల్టులకు మించి కనిపించకూడదు. మించితే ఎర్ర సూదిని మెట్టుమెట్టుగా బ్యాటరీ వైపు జరుపుతూ, ఏ అతుకు దాటగానే అంకె పడిపోతోందో చూడండి. ఓమ్‌ల మీద పెట్టి కొలిస్తే ఈ లోపం దొరకదు. సెల్ఫ్ 150 ఆంపియర్లు లాగేటప్పుడు 0.6 వోల్టులు మింగే అతుకుకు ఉండే నిరోధం 0.004 ఓమ్‌లే, దాన్ని మామూలు మీటరు సున్నాగానే చూపిస్తుంది. ఈ లెక్క మీ విద్యార్థులకు చెప్పే ఓమ్ సూత్రమే కదా మాస్టారూ, కరెంటు పారుతున్నప్పుడు కొలిస్తేనే అతుకు నిజం చెబుతుంది.

చివరిది, నిలిపి ఉంచిన బండి తాగే కరెంటు. నెగెటివ్ క్లాంపు విప్పి, మీటరును 10 ఆంపియర్ల రంధ్రంలో పెట్టి, పోలుకూ క్లాంపుకూ మధ్య కలపండి. తాళం చెవిని ఇంట్లో దూరంగా ఉంచండి, దగ్గరుంటే బండి నిద్రపోదు. బానెట్ తెరిచే ఉంటుంది కనుక దాని గొళ్లేన్ని స్క్రూడ్రైవరుతో నొక్కి మూసినట్టు చేయండి. మీటరు మధ్యలో ఉండగా పొరపాటున కూడా స్టార్ట్ బటన్ నొక్కకండి, మీటరు ఫ్యూజు పోతుంది. కంప్యూటర్లన్నీ నిద్రపోవడానికి అరగంట, నలభై నిమిషాలు పడుతుంది. ఆ తరువాత 50 మిల్లీఆంపియర్ల లోపుకు దిగాలి.

డైనమో గురించి తొందరపడి తీర్పు చెప్పవద్దు. హెడ్‌లైట్లు, బ్లోయరు వేసి చూసినప్పుడు 13.8 నుంచి 14.7 మధ్య ఉంటే చాలు. ఇప్పటి బండ్లలో ఇంధనం ఆదా కోసం కంప్యూటరే చార్జింగును తగ్గించి 13 దగ్గర ఉంచుతుంది, అది జబ్బు కాదు.

తోసి స్టార్ట్ చేయడం వద్దు. మండని పెట్రోలు సైలెన్సరులో పొగను శుద్ధిచేసే క్యాటలిటిక్ కన్వర్టరులోకి పోయి దాన్ని పాడుచేస్తుంది. పైగా బ్యాటరీ అడుగంటినప్పుడు ఇంజెక్టర్లను నడిపే కంప్యూటరే మేలుకోదు, ఎంత తోసినా శ్రమే మిగులుతుంది. జంపర్ కేబుళ్లు ఒక జత డిక్కీలో ఉంచుకోండి. నల్ల కేబుల్ చివరి కొసను మాత్రం మీ బ్యాటరీకి కాకుండా మీ ఇంజను లోహానికి తగిలించండి.

సిరోంచ రైతు:

ప్రాణహిత ఒడ్డున ఉండే మాకు ఇంకొక బాధ, ఎలుకలు. వరి కోతలయ్యాక పొలాల నుంచి వచ్చి వెచ్చగా ఉండే ఇంజను మీద చేరతాయి. మా బొలెరోలో ఒకసారి సెన్సారు వైరును రాగి బయటపడేలా కొరికేశాయి. మాస్టారు బానెట్ ఎత్తినప్పుడు వైర్ల మీద పంటి గాట్లు, మూలల్లో ఎండుగడ్డి ఉన్నాయేమో టార్చి వేసి చూసుకుంటే మంచిది.

రాయగడ మాస్టారు:

అందరికీ ధన్యవాదాలు. ఎలుకల జాడ లేదు. రెండు రోజులు ఓపికగా కొలిచిన అంకెలు ఇవి. రెండు రోజులు నిలిపి ఉంచాక పొద్దున్నే 12.08 వోల్టులు. సెల్ఫ్ కొడుతుండగా పోళ్ల మీద 9.4. లైట్లు వేసి చూస్తే చార్జింగు 14.3. పోలుకూ ఇంజనుకూ మధ్య సెల్ఫ్ సమయంలో 0.74 వోల్టులు కనిపించాయి. ఎర్ర సూదిని వెనక్కి జరుపుతూ వస్తే, క్లాంపు మీద పెట్టినప్పుడు కూడా 0.61 ఉంది. అంటే అర అంగుళం కూడా లేని దూరంలో, పోలుకూ దాన్ని పట్టుకున్న క్లాంపుకూ మధ్యనే దాదాపు మొత్తం పోతోంది.

నిలిపి ఉంచినప్పటి కరెంటు నలభై ఐదు నిమిషాల తరువాత కూడా 0.29 ఆంపియర్ల దగ్గరే ఆగిపోయింది. ఫ్యూజులు ఒక్కొక్కటే తీసి చూశాను. డ్యాష్‌బోర్డు కిందివి, బానెట్ లోపలివి ఏవి తీసినా అంకె కదలలేదు. ఇది నాకు అంతుపట్టలేదు.

జయపురం ఎలక్ట్రీషియన్:

మాస్టారూ, ఇంత శ్రద్ధగా కొలిచినవారిని నేను చాలా అరుదుగా చూశాను. మీ అంకెలే దారి చూపిస్తున్నాయి.

0.29 ఆంపియర్లంటే రోజుకు సుమారు 7 ఆంపియర్ అవర్లు (ఒక ఆంపియరు గంటసేపు పారితే ఒక ఆంపియర్ అవర్). మీది 45 ఆంపియర్ అవర్ల బ్యాటరీ అనుకుంటే మూడు రోజుల్లో దాదాపు సగం ఖాళీ. మీరు బడికి పోయే పది నిమిషాల్లో డైనమో 20 ఆంపియర్లు ఇచ్చినా తిరిగి చేరేది మూడుకు కొంచెం ఎక్కువ. ఎంత కొత్త బ్యాటరీ అయినా ఈ లెక్కకు నిలబడదు. ఫ్యూజులు ఏవి తీసినా మార్పు లేదంటే ఆ కరెంటు ఫ్యూజు పెట్టెలోకే పోవడం లేదు, బ్యాటరీ నుంచే నేరుగా ఎవరో తీగ లాగారు. పాజిటివ్ క్లాంపు బోల్టు కింద కంపెనీది కాని లగ్గు (తీగ చివర బిగించే లోహపు కొస) ఏదైనా ఉందేమో చూసి, ఆ తీగ వెంబడి పోండి. బండి కొన్న తరువాత ఏమైనా అమర్పించారా?

క్లాంపు సంగతికి వస్తే, దాన్ని పూర్తిగా విప్పి లోపల చూడండి. బ్యాటరీల పోళ్లు సన్నవి, లావువి అని రెండు కొలతల్లో వస్తాయి. అన్నట్టు, ఆగినప్పుడు ఇంజను తనంతట ఆగిపోయే ఏర్పాటు ఇప్పుడు పని చేస్తోందా? అలాంటి బండికి మామూలు బ్యాటరీ పనికిరాదు, మాటిమాటికీ స్టార్ట్ చేయడాన్ని తట్టుకునేలా చేసిన ఈఎఫ్‌బీ రకం గానీ ఏజీఎం రకం గానీ ఉండాలి. ఏది వేశారో పైన చదివి చెప్పండి.

స్టీరింగ్, ఏబీఎస్ గుర్తుల కోసం ఒక్క పైసా ఖర్చు పెట్టకండి. సెల్ఫ్ కొట్టేటప్పుడు వోల్టేజి పడిపోయి ఆ కంప్యూటర్లు క్షణకాలం మూగబోతాయి, మిగతావి వాటి మీద ఫిర్యాదు రాసుకుంటాయి. బండి కంప్యూటర్లు రాసుకున్న లోపాలను చదివే స్కానర్ పెడితే ‘యు’ అక్షరంతో మొదలయ్యే కోడ్లు, వోల్టేజి తక్కువైందని చెప్పే పీ0562 కనిపించవచ్చు. మూలం సరిచేశాక వాటిని చెరిపి, తిరిగి వస్తాయేమో చూడాలి. సెన్సారు మార్చాలా వద్దా అన్నది అప్పటి మాట.

రాయగడ మాస్టారు:

అన్నీ తేలాయి. ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి, నాలుగు రోజులు నిలిపి చూసి చెబుదామని ఆగాను.

క్లాంపు విప్పితే మా పాత బ్యాటరీది లావు పోలు, కొత్తదానిది సన్నది అని కంటికే తెలిసింది. బిగుతు చాలక, బ్యాటరీ వేసినవారు ఏదో డబ్బా రేకును కత్తిరించి రెండు మడతలు పెట్టి మధ్యలో దూర్చారు. రేకు ఒక పక్క ఇంకా మెరుస్తోంది, మరో పక్క నల్లగా కమిలి, అంచు పొడవునా తెల్లని బూజులాంటి పొడి కట్టింది. సీసపు పోలు మీద దాని మడత అచ్చు గీతలా పడి ఉంది. మా కారు సెల్ఫ్‌కు కావలసిన కరెంటంతా మూడు నెలలుగా ఆ రేకు అంచు మీదుగా ప్రయాణించింది.

పాజిటివ్ వైపు బోల్టు కింద సన్నని ఎర్ర తీగ దొరికింది. దాని వెంబడి పోతే డ్రైవరు సీటు కిందకు చేరింది. నిరుడు దసరాకు పాటల కోసం పెట్టించిన ఆంప్లిఫయరు అది. రేడియో వేసినప్పుడు మాత్రమే దాన్ని మేల్కొలపవలసిన రిమోట్ వైరును, అమర్చినవారు అదే ఎర్ర తీగకు మెలిపెట్టి వదిలేశారు. అందుచేత అది రాత్రింబవళ్లు మేలుకొనే ఉంది. దాని ఫ్యూజు తీయగానే మీటరు 0.29 నుంచి 0.02కు దిగింది. చేయి పెడితే నిలిపిన బండిలో కూడా ఆ పెట్టె గోరువెచ్చగా ఉండడం నాకు ముందే ఎందుకు తెలియలేదా అని బాధ కలిగింది.

బ్యాటరీ మామూలు రకమే. ఇంజను తనంతట ఆగే ఏర్పాటు ఐదు నెలలుగా పని చేయడం లేదు, నేను పట్టించుకోలేదు. దుకాణదారుకు రేకు చూపించి అడిగితే, మర్యాదగా ఒప్పుకొని తేడా సొమ్ము తీసుకొని లావు పోలు ఉన్న ఈఎఫ్‌బీ బ్యాటరీ మార్చి ఇచ్చారు.

జయపురం ఎలక్ట్రీషియన్:

చాలా సంతోషం. ఆంప్లిఫయరు నల్ల తీగ ఎక్కడ బిగించారో కూడా చూసుకోండి. మీ బండిలో నెగెటివ్ క్లాంపు మీదే చిన్న సెన్సారు ఉంటుంది, బ్యాటరీలోకి వచ్చేదీ పోయేదీ అది లెక్కపెడుతుంది. నల్ల తీగ నేరుగా ఆ క్లాంపు బోల్టుకు తగిలిస్తే ఆ కరెంటు లెక్కలోకి రాదు, బ్యాటరీ ఉన్నదానికంటే నిండుగా ఉందని కంప్యూటరు పొరబడుతుంది. బాడీ ఎర్తుకు బిగించాలి. ఇంకొకటి, కొన్ని బండ్లకు కొత్త బ్యాటరీ వేసిన సంగతి స్కానర్‌తో నమోదు చేయాలి. కొన్ని అయితే కొన్ని గంటలు తాళం వేసి వదిలేస్తే అవే నేర్చుకుంటాయి. మీ బండి పుస్తకంలో ఆ పేజీ ఉంటుంది.

రాయగడ మాస్టారు:

నల్ల తీగ నెగెటివ్ క్లాంపు బోల్టు కిందే ఉంది. విప్పించి బాడీకి మార్పించాను, రిమోట్ వైరును రేడియో వైపు కలిపించాను. నాలుగు రోజులు నిలిపాక పొద్దున్నే 12.61, సెల్ఫ్ సమయంలో పోళ్ల మీద 10.7, పోలుకూ ఇంజనుకూ మధ్య 0.09 వచ్చాయి. కోడ్లు చెరిపించి పదకొండు రోజులైంది, ఏ గుర్తూ తిరిగి వెలగలేదు. నిన్న పార్వతీపురం ఊళ్లో లారీ అడ్డం తిరుగుతుంటే ఆగి గేరు తీశాను. ఇంజను దానంతట అదే ఆగింది, లారీ తప్పుకున్నాక క్లచ్ నొక్కగానే అందుకుంది. పక్కన కూర్చున్న అత్తగారు మళ్లీ పాడైందేమోనని కంగారుపడ్డారు.